ముట్టుకోబాకండి సార్

శనివారం పొద్దున టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని, చెప్పులేసుకుని, అబిగయీలు తలుపు పక్క మేకు మీదికి చెయ్యి చాచింది. తాళంచెవి చేతికి తగల్లేదు. కింద రాలిందేమోనని వంగి చూసింది. గొడుగు వెనక చూసింది. లేదు.

"అమ్మా, ల్యాబు తాళంచెవి తీసినావా?"

వంటింట్లో కారం దోశ తిరగేస్తున్న ఎలిశబెతు తల బయట పెట్టింది. "నాకెందుకమ్మా అది? ఆడే ఉంటుంది, సరిగ్గా చూడు."

వరండాలో పడక్కుర్చీలో కూర్చున్న క్రీస్తురాజు గారు చదువుతున్న పేపరు దించకుండానే అన్నారు. "ఎతకబాక. నేనిచ్చేసినా."

"ఎవరికి నాన్నా?"

"సంజీవరావుకి. నిన్న ప్రార్థన కూటం నుంచి వస్తా బడి కాడ ఆగి ఇచ్చినా. సోమవారం నుంచి ఆ గదిలో పదో తరగతికి స్టడీ అవర్ పెడతాడంట. మంచిదే కదా అన్నా."

అబిగయీలుకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు.

"నా ల్యాబు తాళంచెవి, నన్నొక మాట అడక్కుండా ఇచ్చేసినారా?"

"నీ ల్యాబేందమ్మా? అది బడిది."

ఈదులపాళెం హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేరిన క్రీస్తురాజు గారు అదే బడికి హెడ్మాస్టరై రిటైరయ్యారు. కావలి నుంచి సముద్రం ఒడ్డు దాకా ఆ దారిలో ఎక్కడ ఆగినా ఆయనకు నమస్కారం పెట్టేవాళ్ళుంటారు. ఆయన ఉన్నన్నాళ్ళూ పదో తరగతి ఫలితాలు రాగానే బడి ఫొటో పేపర్లో పడేది. ఇప్పుడు హెడ్మాస్టరుగా ఉన్న సంజీవరావు ఆయన శిష్యుడే. ఏ పని చేయాలన్నా ముందు మాస్టారి దగ్గరికొచ్చి ఒక మాట అడిగి వెళ్తాడు.

అబిగయీలు ఇంజనీరింగ్ చదివింది. చెన్నైలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, అందులో మనసు నిలవక బీఈడీ చేసి, డీఎస్సీ రాసి, తండ్రి పనిచేసిన బడికే సైన్సు టీచరుగా వచ్చింది. వచ్చిన కొత్తలో స్టోరు రూములో బల్లుల మధ్య సీలు తీయని పెట్టెలు కనబడ్డాయి. లోపల మోటార్లు, చక్రాలు, సెన్సార్లు, చిన్న చిన్న కంట్రోల్ బోర్డులు, వైర్ల కట్టలు ఉన్నాయి. పిల్లలకు రోబోటిక్స్ నేర్పమని పైనుంచి పంపినవి, నేర్పేవాళ్ళు లేక అక్కడే ఉండిపోయాయి. ఆమె ఒక గది తుడిపించి, చివరి పీరియడు అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టింది. బోర్డు మీద ఏమీ రాయదు. మోటారు చేతికిచ్చి, "దీంతో బండి నడవాల. ఎట్ల నడుస్తుందో మీరే చూడండి" అంటుంది. నడవకపోతే ఎందుకు నడవలేదో వాళ్ళ చేతే చెప్పిస్తుంది. బలం, వేగం, ఘర్షణ, కరెంటు, అన్నీ ఆ బండి చుట్టూ తిరుగుతూ వాటంతటవే వచ్చేవి. ఆ గదికి ఎక్కువగా వచ్చేది మార్కులు తక్కువొచ్చే సి సెక్షను పిల్లలు. మిగిలిన సెక్షన్ల పిల్లలు ఆ వేళకు ట్యూషన్లకు పోతారు.

"నాన్నా, పని మధ్యలో ఉంది. ఇసకలో చేపల తట్టలు లాగే బండి చేస్తా ఉన్నారు పిలకాయలు. ఇప్పుడు గది మూస్తే ఎట్ల?"

"బండ్లు తోసుకునే వయసా అది? పబ్లిక్ పరీక్ష నెత్తి మీదుంది. ఆ గంగాభవానికి లెక్కల్లో మార్కులు చూసినావా? వెంకటేషు పేపరు చూసినావా?" క్రీస్తురాజు గారు ఇప్పుడు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. "సంజీవరావు ఇంకో మాట కూడా అన్నాడు. అట్లాంటోళ్ళని ఈసారి పరీక్షకి పంపకుండా ఆపితే బాగుంటుందని. ఒకేడు ఆగి ప్రైవేటుగా కట్టుకుంటారు. బడి పేరు నిలబడుతుంది."

"మీరేమన్నారు?"

"ఆలోచించమన్నా."

"అంటే సరేనన్నారు."

ఆయన మళ్ళీ పేపరు విప్పుకున్నారు. వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. దోశ పెనం మీదే వదిలేసి ఎలిశబెతు గుమ్మంలో నిలబడి ఉంది.

"తిని పోమ్మా," అంది నెమ్మదిగా.

"ఆకలి లేదు," అని అబిగయీలు స్కూటీ తీసింది.

బడిలో సంజీవరావు మర్యాదగానే మాట్లాడాడు. "ఏమనుకోబాకమ్మా. నాకు రిజల్టు అడుగుతారు గానీ రోబో అడగరు. మాస్టారే తాళంచెవి ఇచ్చినాక నేనేం చేసేది చెప్పు?"

"గది మీది సార్. ఉంచుకోండి," అంది అబిగయీలు. "నేను చెప్పేది గదికి కాదు కదా."

సాయంత్రం గంట కొట్టాక పిల్లలు అలవాటుగా ల్యాబు ముందుకొచ్చి, తాళం చూసి నిలబడిపోయారు. చేపల వేట కుటుంబం పిల్ల గంగాభవాని తాళాన్ని ఒకసారి పట్టుకుని లాగి చూసింది.

"ఇంక అయిపోయినట్టేనా మేడమ్?" అన్నాడు వెంకటేష్.

"ఎవురన్నారు? రేపు చర్చి అయినాక మా ఇంటికి రండి. మీ కాడున్న సామానంతా మోసుకురండి."

*

ఆదివారం ఆరాధన ముగించుకుని, నలుగురితో మాట్లాడి, క్రీస్తురాజు గారు నిదానంగా ఇంటికి వచ్చేసరికి వరండా ఆయనది కాకుండా పోయింది. పడక్కుర్చీ ఒక మూలకు జరిగింది. చాప మీద సైకిల్ గొలుసులు, చెక్క ముక్కలు, కావలి పాత ఇనుము కొట్టులో కొన్న కారు వైపరు మోటార్లు పరిచి ఉన్నాయి. మహాలక్ష్మి అనే బక్కపలచటి పిల్ల ఆయన మూలన పెట్టేసిన పాత స్కూటరు ముందు గొంతుక్కూర్చుని, దాని బ్యాటరీ విప్పుతోంది.

"ఏందిది?" అన్నారాయన. పిల్లలందరూ లేచి నిలబడ్డారు.

"క్లాసు నాన్నా," అంది అబిగయీలు.

"నా ఇంట్లో ఈ అంగడి పెట్టేదానికి వీల్లేదు. ఎత్తండి అన్నీ."

పిల్లలు వంగబోయారు. అప్పుడు లోపలి నుంచి ఎలిశబెతు మజ్జిగ గ్లాసుల పళ్ళెంతో వచ్చింది. ఆమె గొంతు ఎత్తడం ఆ వీధిలో ఎవరూ విన్నది లేదు. ఆ రోజూ ఎత్తలేదు.

"కూర్చోండి నాయనా. మజ్జిగ తాగండి," అని పిల్లలకు చెప్పి భర్త వైపు తిరిగింది. "ఇల్లు మీది కాదు. మా నాయన నా పేరున కట్టించినాడు. ఇన్నేళ్ళు అనాల్సిన పని పడలా, అనలా. ఇయ్యాళ అంటున్నా."

"ఎలిశబెతూ..."

"మీ ట్యూషన్ పిలకాయలకు ఈ వరండాలోనే ఎన్ని వేల గ్లాసులు మజ్జిగ పోసినానో నాకే తెలియదు. అప్పుడెన్నడన్నా వద్దన్నానా? ఇప్పుడు నా కూతురి పిలకాయలకు పోస్తా. ఆ స్కూటరు ఎటూ మీరు తోలేది లేదు."

క్రీస్తురాజు గారు చేతిలో బైబిలుతో అలాగే నిలబడి, భార్య ముఖం కొత్తగా చూసినట్టు చూశారు. తర్వాత లోపలికి వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడకుండా భోంచేశారు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం పిల్లలు వచ్చేవారు. బడిలో స్టడీ అవర్ అయ్యాక, ఎండ తగ్గే వేళకు గేటు చప్పుడయ్యేది. క్రీస్తురాజు గారు తన పడక్కుర్చీ వదల్లేదు. మూలకు జరిపినా అందులోనే కూర్చుని, పొద్దున చదివిన పేపరే మళ్ళీ పట్టుకునేవారు. ఆ పేపరు వెనక నుంచి అన్నీ వింటున్నారని ఇంట్లో అందరికీ తెలుసు.

బండి మొదట సైకిల్ చక్రాలతో కట్టారు. సన్నటి చక్రాలు ఇసకలో కూరుకుపోయాయి. ప్లాస్టిక్ డ్రమ్ములు కోసి వెడల్పాటి చక్రాలు చేశారు. కూరుకుపోవడం ఆగింది గానీ బండే కదల్లేదు. మోటారు మూలిగి, వేడెక్కి, ఊరుకుంది. పిల్లలు రెండు జట్లయి వాదించుకున్నారు. బ్యాటరీ చాలడం లేదని వెంకటేష్, చక్రం పెద్దదైపోయిందని గంగాభవాని. అబిగయీలు మధ్యలో కూర్చుని, "చెప్పొద్దు, చేసి చూపించండి," అంటుందే తప్ప ఎవరిది ఒప్పో చెప్పదు. ఆ చెప్పకపోవడమే క్రీస్తురాజు గారికి ఒళ్ళు మండించేది. చివరికి ఒకరోజు పేపరు పక్కన పడేశారు.

"ఏమ్మా గంగాభవానీ. పన్నెండు పళ్ళ చక్రం ముప్పై ఆరు పళ్ళ చక్రాన్ని తిప్పుతా ఉంది. చిన్నది తొమ్మిది చుట్లు తిరిగితే పెద్దది ఎన్ని? నిష్పత్తుల పాఠం. చెప్పు."

ఆ పిల్ల లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. చూస్తూండగానే ముఖం వాడిపోయింది.

"చూసినావా?" అన్నారాయన కూతురితో.

 అబిగయీలు చాప మీద నుంచి సరిగ్గా అన్నే పళ్ళున్న రెండు సైకిల్ పళ్ళ చక్రాలు తీసి గంగాభవాని ముందు పెట్టింది. ఆ పిల్ల కూర్చుంది. చేతులు విప్పుకుంది. సుద్దముక్కతో ఒక్కో చక్రం మీద ఒక్కో గుర్తు పెట్టి, గొలుసు తగిలించి తిప్పింది.

"చిన్నది మూడు తూర్లు తిరిగితే పెద్దది ఒక్కసారి తిరగతా ఉంది సార్. తొమ్మిదికి మూడు." ఇంకా తిప్పుతూనే అంది, "అందుకే సార్ బండి కదల్లా. మేం పెద్ద దాన్ని మోటారుకేసినాం. చిన్నది మోటారుకేసి, పెద్దది ఇరుసుకేస్తే నిదానంగా పోతాది, కానీ బరువు లాగతాది. రేయ్ వెంకటేషూ, ఇదిరా తప్పు!"

"నేనడిగిన లెక్క ఇదే," అన్నారు క్రీస్తురాజు గారు.

గంగాభవాని తల ఎత్తి నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఇది లెక్కా సార్? లెక్కంటే పేపర్లో కదా ఉండేది?"

పిల్లలు నవ్వారు. క్రీస్తురాజు గారు నవ్వలేదు. పేపరు తీసుకున్నారు గానీ ఆ సాయంత్రం ఒక్క పేజీ కూడా తిప్పలేదు.

*

ఇంటి వరండాలో బడి నడుస్తోందన్న మాట ఊళ్ళో పాకింది. ఒక సాయంత్రం సంజీవరావు వచ్చాడు. వెంట గంగాభవాని తండ్రి గంగాధరాన్ని తీసుకొచ్చాడు. గంగాధరం లుంగీ దించుకుని, భుజం మీద తువ్వాలు తీసి, మెట్టు దిగువనే నిలబడ్డాడు.

"మేయ్ భవానీ, నడు ఇంటికి," అన్నాడు.

గంగాభవాని బండి చట్రానికి మేకు కొడుతోంది. "ఇది కొట్టేసి వస్తా నాయనా."

"ఇప్పుడే రా అంటున్నా!"

అబిగయీలు లేచింది. "ఏమైందన్నా? పిల్ల ఏం చేసింది?"

"ఏం చేయకపోయేదే నా బాధమ్మా. ఇది ఎటూ పాసవ్వదంటన్నాడు హెడ్మాస్టరు సారు. ఈ ఏడు పరీక్షకి పంపడంట. మళ్ళీ ఈడ కూర్చుని ఈ ఇనప సామాను ఏంది?" అని క్రీస్తురాజు గారి వైపు తిరిగాడు. గొంతులో కోపం తగ్గలేదు గానీ భక్తి వచ్చి చేరింది. "నేనూ మీ కాడే చదివినా సార్. తొమ్మిదో తరగతి దాకా. ఈ పళ్ళ చక్రాల లెక్కల కాడే నిలబడిపోయి, ఇంక బడికి రాలా. మా ఇంట్లోవాళ్ళకి రాదు సార్ ఇది. వచ్చేస్తుందని ఆశ పెట్టి, రేపు ఫెయిలైతే ఆ పిల్ల ముఖం చూసేది మేము."

క్రీస్తురాజు గారు అతని ముఖంలోకి చాలాసేపు చూశారు. ఏ బెంచీలో కూర్చునేవాడో, ఎలా ఉండేవాడో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

గంగాభవాని సుత్తి కింద పెట్టి లేచింది. "నేను రాను నాయనా. పరీక్ష రాస్తా. ఫెయిలైతే నేనైతా. రాయకముందే ఫెయిల్ చేసేదానికి వీళ్ళెవురు?"

"చూసినారా మాస్టారూ, ఆ నోరు!" అన్నాడు సంజీవరావు.

"ఆ నోరు నేను నేర్పిందే సార్," అంది అబిగయీలు.

"అబీ, ఇంక చాలు," క్రీస్తురాజు గారు కుర్చీలోంచి లేచారు. "పెద్దోళ్ళ ముందు ఈ మాటలేంది? తండ్రి వచ్చి పిల్లని తీసకపోతానంటుంటే ఆపేదానికి నువ్వెవరు? సంజీవరావు చెప్పినట్టు ఇను. అన్నీ ఎత్తిపెట్టు."

"పెట్టను నాన్నా."

ఆ మాటకు ఎలిశబెతు కూడా ఉలిక్కిపడింది. అబిగయీలు తండ్రికి అడ్డం చెప్పడం అందరూ చూశారు గానీ, ఇలా కళ్ళలోకి చూసి చెప్పడం చూడలేదు.

"మీరు మంచి మాస్టారు. మీ అంత బాగా పాఠం చెప్పేది నాకు రాదు. కానీ మీ బడిలో ఒప్పు చెప్పేవాళ్ళకే చోటు. తప్పు చెప్పినోళ్ళు నిలబడాల, సిగ్గుపడాల, ఆ తర్వాత ఈ అన్న మాదిరి బడి మానేయాల. ఈ పిల్ల బండి నడవకపోతే సిగ్గుపడదు. ఎందుకు నడవలేదా అని కింద దూరి చూస్తుంది. నాకెందుకు రాలేదు నాన్నా ఆ ధైర్యం?"

"నీకేం తక్కువైంది?"

"ఇంజనీరింగు మొదటేడు నేను లెక్కల్లో ఫెయిలైనా. మీకు తెలియదు. క్రీస్తురాజు మాస్టారి కూతురు లెక్కల్లో ఫెయిలైందంటే ఎట్లా అని, చచ్చిపోదామా అని కూడా అనుకున్నా. హాస్టల్ రూములో తలుపేసుకుని అన్నం మానేసి పడుకున్నా. మీకు ఫోన్ చేసి చెప్పేదానికి నోరు రాలేదు. మళ్ళీ రాసి పాసైనాక కూడా చెప్పలా. ఫెయిలవ్వడం ఎట్లనో మీరు నాకు నేర్పలా నాన్నా. వీళ్ళకి నేను నేర్పతా. నన్ను ఎవరూ ఆపలేరు. మీరు కూడా."

 ఎలిశబెతు కొంగుతో నోరు నొక్కుకుంది. క్రీస్తురాజు గారు కుర్చీ చేతిని తడుముకుంటూ కూర్చున్నారు. 

అబిగయీలు కళ్ళు తుడుచుకుని గంగాధరం వైపు తిరిగింది. "అన్నా, రెండో శనివారం బడి సెలవు. మీ పడవ వచ్చే వేళకి బండి ఒడ్డుకి తెస్తాం. మీ ఇంటి ఆడోళ్ళు మోసే తట్ట దాని మీద పెట్టండి. అందరూ చూడండి. హెడ్మాస్టరు గారూ, మీరూ రండి. చూసినాక ఆ పిల్లని తీసకపోవాలనిపిస్తే తీసకపోండి."

సంజీవరావు చిన్నగా నవ్వి, "అట్నే కానీ," అన్నాడు.

*

రెండో శనివారం పొద్దున ఈదులపాళెం ఒడ్డున పడవలు ఒక్కొక్కటే వచ్చి ఇసకలోకి ఎక్కుతున్నాయి. కబురు తెలిసి జనం బాగానే వచ్చారు. వలలు దులుపుతున్న వాళ్ళు ఆపి చూశారు. ఐస్ బండి వాళ్ళు రోడ్డు మీదే ఆగారు. అక్కడి నుంచి నీళ్ళ దాకా మెత్తటి ఇసక ఏటవాలుగా ఉంటుంది. రోజూ ఆడవాళ్ళు చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని, మడమలు కూరుకుపోతుంటే, ఆ ఏటవాలంతా ఎక్కుతారు.

క్రీస్తురాజు గారు రానని చెప్పారు. తీరా అందరూ బయల్దేరాక, ఎలిశబెతు వెనకాలే గొడుగేసుకుని వచ్చి, జనానికి కాస్త ఎడంగా నిలబడ్డారు. ఆ సాయంత్రం మాటల తర్వాత ఆయన కూతురితో మాట్లాడలేదు. కూతురు పెట్టిన కాఫీ మాత్రం తాగుతున్నారు.

గంగాభవాని తల్లి అంకాలమ్మ తట్ట తెచ్చి బండి మీద పెట్టింది. నీళ్ళు కారుతున్న కవళ్ళ చేపల తట్ట. గంగాభవాని స్విచ్ నొక్కింది. మోటారు గుర్రుమంది. గొలుసు బిగిసింది. డ్రమ్ము చక్రాలు ఇసకను అణచుకుంటూ నెమ్మదిగా కదిలాయి.

"పోతా ఉందే!" అని ఎవరో ఆడమనిషి అరిచింది. పిల్లలు బండి పక్కనే నడిచారు. అంకాలమ్మ వట్టి చేతులతో వెనకే నడిచింది. చేతులు ఏం చేయాలో తెలియక కొంగు పట్టుకుంది. బండి సగం ఏటవాలు ఎక్కింది. అక్కడ టప్‌మని చప్పుడైంది. ఎడమ చక్రం వంకర తిరిగింది. గొలుసు జారి ఇసకలో పడింది. బండి ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది.

కొందరు నవ్వారు. గంగాధరం తలదించుకున్నాడు. సంజీవరావు చేతులు కట్టుకుని ఊపిరి వదిలాడు.

క్రీస్తురాజు గారికి ఏమైందో ఆయనకే తెలియదు. గొడుగు భార్య చేతిలో పెట్టి, జనాన్ని తప్పించుకుని, గబగబా బండి దగ్గరికి వెళ్ళారు. పంచె ఎగదోసి వంగి, జారిన గొలుసు అందుకోబోయారు.

"ముట్టుకోబాకండి సార్!"

గంగాభవాని ఆయన చేతికి అడ్డంగా తన చెయ్యి పెట్టింది. ఊరంతా చూస్తూండగా, పెద్ద మాస్టారి చేతికి.

"కదిలిస్తే ఏం జరిగిందో తెలియకుండా పోతాది సార్. ఎందుకాగిందో ముందు మాకు తెలియాల."

ఆయన చెయ్యి గాలిలోనే ఆగింది. తర్వాత మెల్లగా వెనక్కి తీసుకున్నారు. పిల్లలు బండి చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని, ఇసకలో బుగ్గలు ఆనించి కిందికి చూశారు. నవ్వుతున్న వాళ్ళని వాళ్ళు పట్టించుకోలేదు. తట్ట ఒక పక్కకే జరిగిందని మహాలక్ష్మి అంది. నీళ్ళన్నీ ఆ పక్కకే కారాయని వెంకటేష్ చూపించాడు. బరువు ఒకవైపే పడి చట్రం మెలిపడిందనీ, అందుకే ఇరుసు వంగి గొలుసు జారిందనీ గంగాభవాని చెప్పింది. తర్వాత లేచి, మోకాళ్ళ ఇసక దులుపుకుని, అబిగయీలు వైపు చూసింది.

"ఇయ్యాళ కాదు మేడమ్. ఇరుసు వంగిపోయింది. చట్రానికి అడ్డ చెక్క లేకపోవడం మా తప్పు. మళ్ళీ కట్టాల."

"సరే. మళ్ళీ కడదాం," అంది అబిగయీలు.

సంజీవరావు ముందుకొచ్చాడు. "చూసినారు కదా మాస్టారూ. అందుకే నేను చెప్పింది..."

"ఆగు సారూ," అంది అంకాలమ్మ. తట్ట ఎత్తి నెత్తిన పెట్టుకుని, ఆ బరువుతోనే సంజీవరావు ముందు నిలబడింది. "ఆగిపోయిందని నవ్వతా ఉండారు. సగం దారి దాకా వచ్చింది కదా? ఆ సగం దారి నా నెత్తి మీద బరువు లేదు. ఈ ఒడ్డుకి కోడలిగా వచ్చినప్పటి నుంచి అట్ల నడవలా నేను. మిగతా సగం సంగతి నా బిడ్డ చూసుకుంటాది. నువ్వు ఆ గది తెరువు. తెరవకపోతే మా వలల షెడ్డు ఉంది, ఆడ పెట్టుకుంటారు. దాని పరీక్ష మాత్రం ఆపబాక."

"అంకీ..." అన్నాడు గంగాధరం.

"నువ్వు మాట్లాడబాక. నీకు రాలేదని దానికి రాదా?"

గంగాధరం కూతురి వైపు చూశాడు. ఇసక అంటిన ఆ ముఖంలో ఏడుపు కోసం వెతికాడు. దొరకలేదు.

క్రీస్తురాజు గారు సంజీవరావు భుజం మీద చెయ్యి వేశారు.  "పంపించు సంజీవరావూ. ఆపుదామనుకున్న వాళ్ళందర్నీ పరీక్షకి పంపించు. రిజల్టు తగ్గితే ఎవరడిగినా నా పేరు చెప్పు. నేను జవాబు చెప్తా."

"మాస్టారూ, మీరేనా ఇది అనేది?"

"నా సర్వీసులో ఎన్ని వేలమంది పిలకాయలకి ఒప్పు చెప్పించినానో. ఊరంతా నవ్వతా ఉంటే తలెత్తుకుని 'మా తప్పు, మళ్ళీ కడతాం' అన్న పిల్లని నేను చూడలా. నా కూతుర్ని కూడా అట్ల పెంచలేకపోయినా." ఆయన అక్కడితో ఆపి గంగాధరం వైపు తిరిగారు. "గంగాధరం, సాయంత్రం నువ్వూ రా నాయనా. ఆ అడ్డ చెక్క కొట్టేదానికి మగమనిషి కావాల."

సంజీవరావు కాళ్ళకంటిన ఇసక దులుపుకున్నాడు. చివరికి, స్టడీ అవర్ తర్వాత గది తెరిచే ఉంటుందని ఎవరి ముఖమూ చూడకుండా చెప్పి వెళ్ళిపోయాడు.

ముగ్గురూ ఇంటికి నడిచారు. సవక చెట్ల తోట దాటాక క్రీస్తురాజు గారు ఆగారు.

"ఫెయిలైనప్పుడు నాకు చెప్పుంటే ఏమనేవాణ్ణో నాకు తెలుసు," అన్నారు. "అందుకే చెప్పలేదు నువ్వు. అన్నం తినకుండా పడుకున్నావా తల్లీ?"

అబిగయీలు తలూపింది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టారు. ఆమెకు అప్పుడు ఏడుపొచ్చింది. రోడ్డు మీదే, సంచీ భుజాన వేసుకునే, చిన్నపిల్లలా ఏడ్చింది. ఎలిశబెతు గొడుగు ఇద్దరి మీదికీ వంచి నిలబడింది.

"నేనూ మీతో కూర్చోవచ్చా అబీ?"

ఆమె ముక్కు తుడుచుకుంది. "కూర్చోవచ్చు. కానీ ముందే జవాబు చెప్పేదానికి వీల్లేదు. బెత్తం వీల్లేదు. ఎవరన్నా తప్పు చేస్తే నవ్వేదానికి వీల్లేదు."

"ఇన్ని షరతులా?"

"ఇష్టమైతేనే రండి."

"వస్తా," అన్నారాయన.

సాయంత్రం పిల్లలు విరిగిన బండిని మోసుకొచ్చారు. గంగాధరం వంగిన ఇరుసు తీసి పక్కన పెట్టి, గోడకానుకుని కూర్చున్నాడు. క్రీస్తురాజు గారు మోకాళ్ళ నొప్పిని ఓర్చుకుంటూ చాప మీద పిల్లల మధ్య కూర్చున్నారు. వాళ్ళు కాస్త బెదిరి జరిగారు. కాసేపటికి మరిచిపోయి, మళ్ళీ దగ్గరికి జరిగారు.

"సార్," అన్నాడు వెంకటేష్, "ఇరుసు లావుదేస్తే బండి బరువైపోతాది కదా. ఈ మోటారే లాగతాదా, ఇంకోటి కావాలా?"

అందరూ ఆయన వైపే చూశారు. పాత అలవాటు కొద్దీ గంగాధరం కూడా వీపు నిటారు చేసుకున్నాడు.  ఆయన నోరు తెరిచారు, మూశారు. పక్కనున్న ఇరుసును చేతిలోకి తీసుకుని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూశారు.

"నాకు తెలియదు నాయనా," అన్నారు క్రీస్తురాజు మాస్టారు. "పట్టు, చేసి చూద్దాం."

మజ్జిగ పళ్ళెంతో గుమ్మం దాటబోతున్న ఎలిశబెతు అక్కడే ఆగిపోయింది. ఆ వరండాలో, ఆ గొంతులో, ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. కళ్ళు మసకబారితే పళ్ళెం కిందపెట్టి తుడుచుకుంది. చాప మీద అప్పటికే పిల్లలు ఆయన చేతిలోంచి ఇరుసు లాక్కుని, ఎటువైపు బిగించాలో ఆయనతోనే గట్టిగా వాదిస్తున్నారు.